లైసెన్సు చేతికొచ్చిన తరువాత

మన జీవితంలో కొన్ని కాగితాలున్నాయి. అవి చేతికి రాగానే మనకు అన్నీ వచ్చేసినట్లే లోకం భావిస్తుంది. డిగ్రీ పట్టా అటువంటిదే. డ్రైవింగ్ లైసెన్సు అంతకంటే గట్టిది. పట్టా పుచ్చుకున్నవాణ్ణి “నీకేం వచ్చురా?” అని అడిగేవారు ఇంకా ఉన్నారు గాని, లైసెన్సు వచ్చినవాణ్ణి ఆ మాట అడిగినవారిని నేను చూడలేదు. అలా అడగడం అవసరమా? లైసెన్సు వచ్చాక కూడా శిక్షణ ఇస్తే మేలు జరుగుతుందా? ఈ నాలుగు మాటలూ దాన్ని గురించే.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి పుట్టలేదు. మాది కంకిపాడు దగ్గర వ్యవసాయ కుటుంబం. మా చెల్లెలికి పద్దెనిమిదేళ్లు నిండి ఈమధ్యనే స్కూటరు లైసెన్సు వచ్చింది. జూన్ నుంచి బెజవాడ కాలేజీకి బందరు రోడ్డున బండి మీదే వెళ్తానంటుంది. బస్సు పాసు చాలంటుంది అమ్మ. “బ్రేకు ఇన్‌స్పెక్టరు గారే పాసు చేశాక ఇంక మనం నేర్పేదేముందిరా?” అంటాడు నాన్న. ముగ్గురివీ మూడు దారులు. సైన్సు చదువుతున్నవాణ్ణి గనుక తీర్పు నా మీద పడింది.

ముందు పరీక్ష సంగతి చూద్దాం. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న 30 రోజుల తరువాత పరీక్షకు వెళ్లవచ్చు. స్కూటరైతే కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేసి చూపాలి. కారు నేర్పే స్కూళ్లకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు పెట్టిన కనీస గడువు 21 రోజులు. అందులో బండి నడపవలసింది కనీసం 10 గంటలు. ఇదంతా అవసరమే. కాని ఎనిమిది అంకెలో ఎదురుగా ఏదీ రాదు. మన రోడ్డు మీద రానిదేముంది? బందరు రోడ్డు నాలుగు వరసలయ్యాక, యూ టర్ను దూరమని ఎదురు వరసలోనే వచ్చే ట్రాక్టరు. వెనక లైటు లేని ట్రక్కు. కోతల రోజుల్లో రోడ్డు వార ఆరబోసిన ధాన్యం. సందెవేళ మేత నుంచి మళ్లే గేదెలు. వాన పడితే సబ్బులా జారే నల్లరేగడి మార్జిను. లోపలి ఊళ్లకు పోతే పిట్టగోడ లేని కాలువగట్టు.

ట్రాక్టరునే తీసుకోండి. దాని కుడి, ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకు పెడళ్లుంటాయి. పొలంలో గట్టు దగ్గర చటుక్కున తిప్పడానికి ఒక్కటే తొక్కుతారు. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపి గొళ్లెం వేయాలి. వేయకుండా వేగంలో ఒక్కటే తొక్కితే బండి ఒక పక్కకు లాగేసి తిరగబడవచ్చు. నా పరీక్షలో దీని ప్రసక్తి రాలేదు. మా బాబాయి గట్టు మీద నిలబడి పదిసార్లు చెప్పి నేర్పాడు. కాబట్టి తరువాత నేర్పితే మేలేనని మొదట తేల్చేశాను.

కాని చదివి చూస్తే సంగతి అంత తేలిక కాదు. లైసెన్సున్న డ్రైవర్లకు ఇచ్చే శిక్షణ మీద జరిగిన 24 పరిశోధనలను కోక్రేన్ సంస్థవారు 2003లో సమీక్షించారు. వాటిలో పాల్గొన్నవారు 3 లక్షలకు పైనే. ఆ శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు. నార్వేలో 1979 నుంచి కొత్త డ్రైవర్లకు జారుడు రోడ్డు మీద బండి అదుపు చేయడం తప్పనిసరిగా నేర్పారు. తరువాత లెక్క చూస్తే కుర్రవాళ్లకు జారుడు రోడ్ల మీద ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి! నేర్పు కొంచెం పెరిగితే ధైర్యం అంతకు రెట్టింపు పెరిగిందన్నమాట.

దీనికి మన ఫిజిక్సు సాక్ష్యం చెబుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో, ప్రమాదం కనిపించి బ్రేకు మీద కాలు పడేలోగా ఒక సెకను గడిస్తే బండి 11 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి సుమారు 12 మీటర్లు. వేగం 80 అయితే అవే 22, 49 అవుతాయి. 23 మీటర్లలో ఆగే బండికి 71 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే ఆగే దూరం మూడు రెట్లు. ఎంత నేర్పరికైనా ఈ లెక్క మారదు. 2022లో మనదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, పదింట ఏడు వంతుల మరణాలు అతివేగం ఖాతాలోనివే.

మరి ఏది పనిచేస్తుంది? న్యూజిలాండ్‌లో 1987 నుంచి లైసెన్సును మెట్లు మెట్లుగా ఇస్తున్నారు. మధ్య మెట్టులో ఉన్నవారు అనుభవజ్ఞుడు పక్కన లేకుండా రాత్రి పది దాటాక నడపరాదు, స్నేహితులను ఎక్కించుకోరాదు. అక్కడ కుర్రకారు ప్రమాదాలు తగ్గాయి. అంటే మేలు చేసేది విన్యాసాల శిక్షణ కాదు. తెలిసినవారు తోడుండగా తిరిగిన మైళ్లూ, మొదటి రోజుల్లో పెట్టుకున్న హద్దులూ.

ఇది ఇంట్లో చెప్పాను. మొదటి నెల నేను వెనక కూర్చుంటాను. ఒకరోజు ఉయ్యూరు వైపు, ఒకరోజు బెంజి సర్కిల్ వైపు, ఒకసారి వానలో, ఒకసారి చీకటి పడ్డాక. ఆపైన మూడు నెలలు రాత్రిపూట ఒంటరిగా వద్దు, స్నేహితురాళ్లను ఎక్కించుకోవద్దు. ముసురు రోజులకు బస్సు పాసు ఉండనే ఉంది.

చెల్లెలు అంతా విని, “నీకు లైసెన్సు వచ్చినప్పుడు ఈ హద్దులు ఎవరు పెట్టారన్నయ్యా?” అంది. ఎవరూ పెట్టలేదు. మా ఊళ్లో ఏ మగపిల్లవాడికీ ఎవరూ పెట్టలేదు. ఆమె అడిగింది న్యాయమే. ఈ హద్దులు ఆడపిల్లకని కాక, కొత్త చేతికని పెడితేనే వాటికి విలువ. వచ్చే ఏడు లైసెన్సు తీసుకోబోయే మా బాబాయి కొడుక్కీ ఇవేనని నాన్న ముందే ఒప్పించాక గాని ఆమె సరే అనలేదు.

విద్యార్థి మిత్రులారా! ఈ సంవత్సరం మన కాలేజీలో లైసెన్సు తీసుకున్నవారు ఎందరో ఉన్నారు. మొదటి మూడు నెలలు మీ వెనక సీటు ఖాళీగా ఉంచండి, లేదా మీకంటే అనుభవం ఉన్నవారికి ఇవ్వండి. దీనికి ఫీజు లేదు, దరఖాస్తూ లేదు.