నాగార్జునుని చంపినదెవరు?

హిమపాతంలో చిక్కుకొన్న బౌద్ధారామం, అందులో ఒక హత్య, హంతకుడు ఆ భిక్షువులలోనే ఉన్నాడన్న భయం. ఇటువంటి చారిత్రక నవలలంటే నాకు ఈ వయస్సులోనూ మక్కువే. అయితే పుస్తకం మూసిన ప్రతిసారీ మన కథే ఒకటి జ్ఞప్తికి వస్తుంది. అందులో మంచు లేదు. హతుడు ఆచార్య నాగార్జునుడు.

ఆచార్యుని ఔషధం వలన రాజు చిరకాలం జీవిస్తున్నాడు. యువరాజుకు సింహాసనం అందడం లేదు. అడిగినది కాదనని ఆచార్యుని తలనే దానమడుగుమని తల్లి ఉపాయం చెప్పింది. కుమారుడు పోయి అడిగాడు.

ఇక సాక్షులు ముగ్గురు. ఆచార్యుడు ఎండు గడ్డిపోచతో తన మెడను తానే కోసుకొన్నాడని 7వ శతాబ్దిలో వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ వ్రాశాడు. అతని లెక్కన అది ఆత్మార్పణం. పూర్వజన్మలో గడ్డి కోస్తూ ఒక పురుగును చంపిన కర్మ వలన, కత్తికి తెగని మెడ దర్భకు తెగిందని 14వ శతాబ్ది టిబెట్టు పండితుడు బూతోన్ అన్నాడు. ఈ లెక్కన నేరం హతునిదే! 11వ శతాబ్ది కాశ్మీరకవి సోమదేవుడు మాత్రం, కథాసరిత్సాగరంలో, యువరాజు జీవహరుని చేతికి కత్తినిచ్చాడు. మంచులేని కథకు ఇద్దరు సాక్షులు మంచుదేశాలవారు కావడం చిత్రం.

ఆధారాలేమైనా మిగిలాయా? మా బడంగ్‌పేట్ నుండి సాగర్ రోడ్డు పట్టుకొని పోయి, లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూచి వచ్చాను. ఆనకట్ట నీరు ముంచక మునుపు, 1954 నుండి 1960 వరకు, ఆ లోయనంతా త్రవ్వారు. అక్కడి ఇక్ష్వాకుల శాసనాలలో శ్రీపర్వతం ఉంది, విజయపురి ఉంది, సింహళ భిక్షువుల విహారం ఉంది, కాశ్మీర గాంధారాల ప్రస్తావన కూడ ఉంది. ఆచార్యుని పేరు మాత్రం లేదు.

ఈ కథను నేను పాఠశాలలో ఏళ్ళ తరబడి శిబి, దధీచుల సరసన దానకథగానే చెప్పాను. ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలిక లేచి, "తల అడిగినవాడిది తప్పు కాదా మాస్టారూ?" అన్నది. "ఇది త్యాగం గురించిన పాఠమమ్మా, కూర్చో" అన్నాను. కూర్చున్నది. మరెన్నడూ ప్రశ్న అడుగలేదు.

సోమదేవుని కథలో నాగార్జునుని కుమారులు జీవహరుని చంపుతారు. ప్రతీకారం ధర్మమని నేననను. కాని ముగ్గురు సాక్షులలో హత్యను హత్యగా చెప్పినవాడు ఆయనొక్కడే. దాత ఎంత గొప్పవాడైనా యాచకుని నేరం మాసిపోదు. ఇచ్చినవానిని కీర్తిస్తూ అడిగినవానిని మరచిపోయినవారిలో నేనూ ఒకడిని.

తప్పేనమ్మా. ఈ జవాబు ఆనాడే చెప్పవలసింది.