ప్లగ్గు తడిగానే ఉంది

అసలు తిరగని ఇంజిను మెకానిక్‌ని పెద్దగా మోసం చెయ్యదు. బ్యాటరీయో, స్టార్టరో, పట్టేసిన పిస్టనో, ఏదో ఒకటి బయటపడుతుంది. సెల్ఫ్ కొడితే చక్కగా తిరుగుతూ, ఇదిగో ఇప్పుడే అందుకుంటుందన్న ఆశ పెడుతూ, ఎంతకీ అందుకోని ఇంజిను ఉంటుందే, అదీ మన చేత తప్పులు చేయించేది. నా చేత వరసగా చేయించింది.

నాది కాకినాడలో టూవీలర్ షెడ్డు. ఉప్పాడ వైపు నుంచి బైకులు రిపేరుకి తెచ్చే వేటకెళ్ళే కుర్రాళ్ళు, "మేస్త్రీ, ఏ ఇంజినైనా ఇంజినే గదా, మా బోటుది కూడా ఓసారి చూద్దూ" అనడంతో ఈ పనిలోకి దిగాను. టూ స్ట్రోక్ బండ్లు విప్పి నేర్చుకున్న చేతులు నావి. పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారంటే బైకు ఇంజిన్ని నిలబెట్టి అడుగున ఫ్యాను పెట్టడమే అనుకున్నాను. లోపలి సంగతి వరకూ అది పెద్ద అబద్ధం కాదు. అయితే బైకుకి ట్యాంకు దాని ఒంటి మీదే ఉంటుంది, రోజూ ఖాళీ అవుతుంది, రోజూ నిండుతుంది. బోటుకి ట్యాంకంటే గొట్టంతో తగిలించే విడి డబ్బా. ఇసుకలో పడుంటుంది, వానలో తడుస్తుంది, ఉప్పుగాలి పీలుస్తుంది. ఈ తేడా నా బుర్రకెక్కడానికి ఒక కాయిల్ ఖరీదు పట్టింది.

దానికి ముందు చిన్న పరాభవం ఒకటి ఉంది. కొత్తలో ఒక బోటు దగ్గరికి పిలిచారు. సెల్ఫ్ తిరుగుతోంది, ప్లగ్గులో కరెంటు లేదు. పైన టోపీ విప్పేశాను, వైర్ల వెంట పడ్డాను, స్విచ్చి మార్చాలి అని కూడా అనేశాను. ఇంట్లోంచి ఓనరు కొడుకు, బడికెళ్ళే పిల్లాడు, ఎర్ర తాడుకి కట్టిన ప్లాస్టిక్ క్లిప్పు వేలికి తిప్పుకుంటూ వచ్చి "ఇది పెట్టరా మావా?" అన్నాడు. నడిపేవాడు నీళ్ళలో పడిపోతే ఇంజిను ఆగిపోవడానికి పెట్టే క్లిప్పు అది. అది ఊడి ఉంటే నేను చూసిన మోటార్లలో సెల్ఫ్ మాత్రం మామూలుగా తిరుగుతుంది, తాడు లాగినా తిరుగుతుంది, కరెంటొక్కటే రాదు. బైకుకి అలాంటిది లేదు కాబట్టి నా కళ్ళు దాని మీద నిలవలేదు.

అసలు దెబ్బ వేట నిషేధం తర్వాత తగిలింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. చేప గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ మోటార్లు పాకల్లో, డబ్బాలు బోట్లలో ఉండిపోతాయి. జూన్ 15న తీరమంతా ఒకేసారి వేటకి బయల్దేరుతుంది. ఆ మొదటి రోజుల వేట కోసం ఇంటిల్లిపాదీ ఎదురు చూస్తారు. ఆ సమయంలో మొరాయించిన మోటారు ముందు కూర్చున్న మేస్త్రీ మీద ఎన్ని కళ్ళుంటాయో చెప్పక్కర్లేదు.

రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ మోటారది. క్లిప్పు ఉంది, అది ముందే చూసుకున్నాను. న్యూట్రల్‌లోనే ఉంది. గొట్టం మధ్యలో రబ్బరు బల్బు నొక్కితే గట్టిపడింది, అంటే డబ్బాలోంచి ఏదో పైకొస్తోంది, గొట్టంలో గాలి లేదు. సెల్ఫ్ కొట్టాను, అందుకోలేదు. ప్లగ్గు విప్పాను. తడిగా ఉంది.

మా షెడ్డు సూత్రం ఒకటుంది: ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు, తడిగా ఉంటే కరెంటు లోపం. ఈ సూత్రంతో ఎన్నో బండ్లు బాగుచేశాను. దాన్నే నమ్ముకుని ప్లగ్గులు మార్చాను. మళ్ళీ తడిశాయి. కరెంటు చూస్తే వస్తోంది గానీ నా కంటికి కాస్త సన్నగా ఆనింది. అప్పటికే కరెంటు మీద అనుమానం పెట్టుకున్న కంటికి ఏ నిప్పురవ్వైనా సన్నగానే కనబడుతుంది. కాయిల్ పోయిందని తేల్చేశాను. ఓనరు ఊళ్ళోకి పరిగెత్తి కొత్తది తెచ్చాడు. వేశాం. అదే వరస.

ఈలోగా సెల్ఫ్ ఎడాపెడా కొడుతూనే ఉన్నాను. స్టార్టర్ని పది సెకన్లకి మించి ఆపకుండా తిప్పకూడదు, మధ్యలో చల్లారనివ్వాలి. తెలియక కాదు, చుట్టూ జనం నిలబడితే చెయ్యి ఆగలేదు. స్టార్టరు ముట్టుకుంటే కాలుతోంది, బ్యాటరీ నీరసించింది. బ్యాటరీ దిగితే ఇంజిను నెమ్మదిగా తిరుగుతుంది, తిరుగుడు తగ్గితే కరెంటు నిజంగానే సన్నబడుతుంది. అలా లేని జబ్బుని నేనే తెచ్చిపెట్టి, దానికి మందు వెతుకుతున్నాను.

తర్వాత కార్బేటర్ విప్పాను. రెండు నెలలు నిలవున్న పెట్రోలు ఆరిపోయి జెట్టులో జిగురు కట్టింది. సంతోషం పట్టలేకపోయాను. సన్న రాగి తీగతో జెట్టు పొడిచి (అదీ తప్పే, జెట్టు కన్నం పాడవ్వచ్చు, క్లీనరు కొట్టి గాలి పట్టాలి), మెరిసేలా కడిగి బిగించాను. బిగించి ఆ పాత డబ్బా గొట్టమే మళ్ళీ తగిలించాను. బల్బు నొక్కాను. ఒక్కసారి 'టప్' మని దగ్గి ఆగిపోయింది.

ఓనరు తండ్రి అప్పటిదాకా వల కుట్టుకుంటూ మాట్లాడకుండా కూర్చున్నాడు. కిరసనాయిలు మోటార్ల కాలం నుంచీ సముద్రం మీద ఉన్న మనిషి. "బాబూ, ఆ డబ్బా అడుగు చూసేవా?" అన్నాడు. చూడలేదు. ఆయనే లేచి ఖాళీ గాజు సీసా తెచ్చాడు. కార్బేటర్ గిన్నె కింద మర విప్పి అందులో ఉన్నది సీసాలోకి వదిలాం, డబ్బా అడుగునుంచి కూడా కొంత పోశాం. ఎండకెత్తి పట్టుకున్నాం. కాసేపటికి సీసాలో గీత గీసినట్టు రెండు పొరలు. పైన ఆయిలు కలిసిన పెట్రోలు నీలంగా, కింద రంగు లేని నీళ్ళలాంటిది. వేలితో ముట్టుకుంటే పైది జారింది, కిందిది జారలేదు.

ఆ కింది పొర ఉత్త నీళ్ళు కాదు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని చెమ్మనీ, డబ్బాలోకి దిగిన నీళ్ళనీ కొంతవరకు తనలో కలుపుకుని పైకి తెలియనివ్వదు. హద్దు దాటాక పెట్రోలుని వదిలేసి, నీళ్ళతో కలిసి అడుక్కి దిగిపోతుంది. డబ్బాలో గొట్టం మొన ఉండేది సరిగ్గా ఆ అడుగునే. మూత మీది గాలి మర రెండు నెలలూ తెరిచే ఉంది, మధ్యలో వానలు పడ్డాయి. బల్బు గట్టిపడింది నిజమే, ప్లగ్గు తడిసింది నిజమే, తడిపింది మాత్రం సరిగా మండేది కాదు. ఏం తడిపిందని నేను అడగలేదు. కనీసం ప్లగ్గు వాసన కూడా చూడలేదు.

ఇంకో సంగతి తర్వాత తట్టి ఒళ్ళు జలదరించింది. టూ స్ట్రోక్‌కి పెట్రోల్లో కలిపే ఆయిలే పిస్టన్‌కి ప్రాణం. పొరలు విడినప్పుడు ఆ ఆయిలు పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. కింది పొర మీద ఆ ఇంజిను ఎలాగో అందుకుని సముద్రంలోకి పోయుంటే ఆయిలు లేకుండా తిరిగి పిస్టన్ పట్టేసేది. మొరాయించడమే మేలైంది.

కొత్త పెట్రోలు తెచ్చి, ఆయిలు కొలిచి కలిపి, గొట్టం, ఫిల్టరు, గిన్నె అన్నీ కడిగి, బ్యాటరీ చార్జి పెట్టాక అందుకుంది. అప్పటికి ఆ రోజు వేట పోయింది. కరెంటు సామాను వెనక్కి తీసుకోనన్నాడు షాపువాడు. కాయిల్ డబ్బులు నేనిచ్చాను, కూలి తీసుకోలేదు.

ఇప్పుడు ఎవరు పిలిచినా స్పానరు తియ్యకముందే, "ఆగినప్పుడు ఎలా ఆగింది?" అని అడుగుతాను. బాగా నడుస్తున్నదాన్ని మనమే ఆపేసి పక్కన పెట్టి ఉంటే, పాకలో కూర్చుని కాయిల్ పాడవడం అరుదు. పాడయ్యేది పెట్రోలు. నడుస్తూ నడుస్తూ నాలుగు నిమిషాలకోసారి ఆగుతుంటే మూత మీది గాలి మర బిగించి ఉందేమో చూస్తాను. వేడి మీద ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లారాక అందుకుంటే, అప్పుడు కాయిల్‌ని అనుమానిస్తాను. కంప్రెషన్ దాకా వెళ్ళాల్సిన అవసరం అరుదు.

నిలవ పెట్టడానికీ ఓ పద్ధతుంది. ఏప్రిల్లో చివరి వేట ముగిశాక మోటార్ని మంచినీళ్ళ డ్రమ్ములో నడిపి ఉప్పు కడగండి. నీళ్ళు లేకుండా ఒడ్డున నడిపితే లోపలి పంపు రబ్బరు కాలిపోతుంది, ఆ పని మాత్రం వద్దు. నడుస్తుండగానే పెట్రోలు గొట్టం పీకేస్తే కార్బేటర్లో ఉన్నది తాగేసి తనే ఆగుతుంది. డబ్బా ఖాళీ చేసి ఆరబెట్టండి. ఆయిలు కలిపిన పెట్రోలు ఇప్పటి బైకుల్లో పొయ్యకూడదు కాబట్టి, చివరి వారం కావలసినంతే కలుపుకోండి. అవుట్‌బోర్డ్ కంపెనీలు చాలావరకు ఇథనాల్ 10 శాతం మించకూడదనే పుస్తకంలో రాస్తాయి. మన బంకుల్లో దొరికేది దానికి రెట్టింపు. తప్పించుకునే దారి లేనప్పుడు నిలవ పెట్టకుండా వాడుకోవడమే మన చేతిలో ఉంది.

జూన్ 15 కి రెండు రోజుల ముందే డబ్బాలోది కాస్త గాజు సీసాలో పోసి పక్కన పెట్టి చూడండి. గీత కనబడితే పారబోయండి. కనబడకపోయినా ఇంజిను అందుకోకపోతే అప్పుడు మేస్త్రీని పిలవండి. వచ్చినవాడు సీసా అడక్కుండా ముందు కాయిల్ అంటే డబ్బులివ్వకండి. ఆ మేస్త్రీ నేనైనా సరే.