మూలనపడ్డ ఇంజను

పాతసామాను కొనేవాడు వచ్చి పెరట్లోని ఇంజనుకు బేరం పెట్టిననాడుగాని, అది మా యింట్లో వున్నదన్న సంగతి మాకు గుర్తురాలేదు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా గోపాలపూరు దగ్గర తీరం దాటింది. మా పడవ ముక్కలైంది. మిగిలింది ఈ ఒంటి సిలిండరు డీజిలింజను. మా అయ్య దాన్ని పెరటిపాకలో పెట్టి, గోనెపట్టా కప్పి, "ఇక దీని మొహం చూడను" అన్నాడు. ఆ తర్వాత రెండేళ్లకు ఆయనే పోయాడు.

మేము ఇద్దరన్నదమ్ములం. పెద్దవాడు గుమాస్తా, పగలు ఆఫీసులో ఒడియా, రాత్రి యింట్లో తెలుగు. చిన్నవాడికి సముద్రం తప్ప మరో పని రాదు. యిన్నేళ్లూ ఒకరి పడవమీద వాటాకు పోయాడు. ఈమధ్య పాత ఫైబరు తెప్ప ఒకటి చౌకగా దొరికింది గాని, కొత్త ఇంజనుకు డబ్బు లేదు. పాతది అమ్మి, పైకానికి అప్పు చేద్దామని మాలో ఒకరం; అయ్య ఇంజను అమ్మడానికి వీల్లేదని ఒకరం. నాలుగురోజులు మాటలు లేవు. చివరకు అమ్మ, "ఒక్కసారి తిప్పి చూడండర్రా, తిరక్కపోతే అమ్మేయండి" అని తగవు తీర్చింది.

ఆదివారం గోనె తీశాము. సిలిండరు రెక్కలనిండా కందిరీగల మట్టిగూళ్లు. హ్యాండిలు వేస్తే కదలలేదు. దానికి పైపు తొడిగి ఇద్దరం కలిసి లాగబోతుంటే, మేము పిలిపించిన ముసలి మిస్త్రీ ఒడియాలో కేకలేశాడు. పట్టుకుపోయినదాన్ని బలవంతంగా లాగితే రింగులు విరుగుతాయట. ఇంజెక్టరు విప్పి, ఆ కన్నంలో కాస్త నూనె పోసి, రెండురోజులు ముట్టుకోవద్దన్నాడు.

ఈలోగా ట్యాంకు విప్పాము. అడుగున డీజిలు జిగురుకట్టింది, దానికింద నీళ్లు. అంతా పారబోసి కడిగాము. ఫిల్టరూ, రబ్బరుగొట్టాలూ మార్చి, కొత్త ఇంజనాయిలు పోశాము. పొగగొట్టం దులపబోతే లోపల ఏదో అడ్డుపడ్డది. ఎలుకగూడేమోనని చువ్వతో లాగాము. వచ్చింది నూనెలో తడిపి కూరిన గుడ్డ: మా అయ్య గళ్లలుంగీ పీలిక. గాలి పీల్చే దారిలోనూ అటువంటిదే మరొకటి.

"దాచినవాడికి దీన్ని మళ్లీ నడపాలనే వుండెను. ఈ గుడ్డలు లేకుంటే తేమ చేరి సిలిండరు ఎప్పుడో తినేసేది" అన్నాడు మిస్త్రీ.

మొహం చూడనన్న మనిషి ఈ పని ఎప్పుడు చేశాడో మాకెవరికీ తెలియదు. అమ్మ ఏమీ అనలేదు. ఆ పీలికలు రెండూ తీసుకుని లోపలికి పోయింది.

మూడోనాడు చక్రం చేత్తోనే తిరిగింది. డీజిలుగొట్టం మర వదులుచేసి, బుడగలు ఆగేదాకా గాలి పోనిచ్చి బిగించాము. డీకంప్రెషను మీట ఎత్తిపట్టి, హ్యాండిలు వేగం అందుకోగానే వదిలాము. రెండుసార్లు తుస్సుమంది. మూడోసారి తెల్లపొగ కక్కి, దగ్గి, డబడబమని అందుకొన్నది. వీధిపిల్లలంతా పరుగెత్తుకు వచ్చారు. నాలుగురోజులు ఎడమొగం పెడమొగంగా వున్న మేము, ఆ చప్పుడులో ఏమి మాట్లాడుకొన్నామో మాకే వినబడలేదు.

ఇప్పుడు ఇంజను తెప్పమీద వున్నది. వేట లేని రోజుల్లో నూనె పోసి, గుడ్డ కూరి దాస్తున్నాము. మీ యిళ్లలో ఇట్లా మూలనపడ్డది ఏదైనా వుంటే, ముందు కాస్త నూనె పోసి రెండురోజులు ఓపికపట్టండి. లాగడం తర్వాత.