కనపడని పని

మా సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి కుర్రవాళ్ళు సినిమాకు పోవడం కొత్త సంగతి కాదు. నెల్లూరు నుంచి మదరాసు రైలుకు మూడు గంటల దూరం. కోడంబాకం స్టూడియోలు వెలిగిన రోజుల్లో ఇక్కడినుంచి వెళ్ళి పేరు తెచ్చుకున్నవాళ్ళు తక్కువమంది కారు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో చినమయ వేషం కట్టిన రమణారెడ్డి మా జిల్లావారే. ఆ చిత్రానికి కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ఉదయగిరిలో పుట్టారు. ఆయనే 1991లో 'ఆదిత్య 369' తీసి కాలయంత్రాన్ని తెలుగు ప్రేక్షకుడి ముందు నిలబెట్టారు. 'అమ్మోరు' (1995), 'అంజి' (2004), 'అరుంధతి' (2009) చిత్రాలు కంప్యూటర్ మాయను మన తెరకు అలవాటు చేశాయి. ఆ మూడింటి నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డి, మా జిల్లాకు చెందిన మల్లెమాల గారి కుమారుడు.

ఇప్పుడు పోయే కుర్రవాళ్ళ తోవ వేరు. వాళ్ళు హైదరాబాదు పోతున్నారు. వేషాలు అడగడం లేదు. కంప్యూటర్ ముందు ఒక కుర్చీ అడుగుతున్నారు. చదువుకున్నవాళ్ళు విజువల్ ఎఫెక్ట్స్ అనీ, మా వూళ్ళవాళ్ళు గ్రాఫిక్స్ అనీ పిలిచే పని అది. నేను మైపాడు తీరానికి దగ్గర్లో ఒక కాలేజీలో చాలాకాలం పాఠాలు చెప్పాను. నా దగ్గర చదివిన వాళ్ళలో నాకు తెలిసి నలుగురు ఈ పనిలో వున్నారు. వాళ్ళలో ఒకడి తండ్రి రొయ్యల గుంటలకు కాపలాదారు. కొడుకు శిక్షణకు కట్టవలసిన డబ్బు ఆయన వడ్డీకి తెచ్చాడు. కొడుకు సినిమాల్లో వున్నాడని ఆయన గుంట గట్టు మీద గర్వంగా చెప్పుకుంటాడు. ఏ సినిమాలో అని ఎవరైనా అడిగితే మాత్రం నీళ్ళు నములుతాడు. అతని తప్పేమీ లేదు. సినిమా చివర పేర్లు జరజరా పాకిపోయేటప్పుడు కొడుకు పేరు అందులో వుండదు. కంపెనీ పేరైనా వుంటుందా అంటే, అది పనికి పని ఇచ్చిన పై కంపెనీది.

ఆ కుర్రవాడి పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. మనం దీన్ని ఏదో మంత్రం అనుకుంటాం. యంత్రం తనంతట తానే చేస్తుందనుకుంటాం. తెరమీద ఒక్క సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి. అయిదు సెకన్ల షాట్ అంటే 120 బొమ్మలు. కథానాయకుణ్ణి వున్నచోటినుంచి విడదీసి ఒక కొండ అంచున నిలబెట్టాలంటే అతని చుట్టూ గీత గియ్యాలి. దీన్ని రోటో అంటారు. అతను కదిలితే గీతా కదలాలి. కొన్ని బొమ్మలకు గీస్తే మధ్యవి యంత్రం పూరిస్తుంది గాని, జుట్టు గాలికి ఎగిరిన చోటా, తడిబట్ట ఒంటికి అంటుకున్న చోటా అది తడబడుతుంది. అక్కడ మనిషి బొమ్మ బొమ్మకూ చెయ్యి పెట్టవలసిందే. తాడు కట్టుకుని గాలిలో ఎగిరిన వీరుడి నడుము దగ్గర తాడు తుడిచి, దాని వెనకున్న ఆకాశాన్ని మళ్ళీ పుయ్యడం పెయింటు పని. ఇంకొకరు అగ్గి పెడతారు, ఇంకొకరు నీళ్ళు పోస్తారు, ఇంకొకరు అన్నిటినీ కలిపి ఒకే వెలుగులోకి తెస్తారు.

"మేం చేసింది కనపడిందంటే తప్పు చేసినట్టు సార్. కనపడకపోతే మేం లేనట్టు" అన్నాడు మావాడు ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఇంటికి చేరే అలవాటు పడి, సెలవుల్లో కూడా అతనికి రాత్రి నిద్ర పట్టడం లేదు.

మార్కస్ బార్ట్లే 'మాయాబజార్'లో చూపిన మాయలు కెమెరాలోనే జరిగాయి. ఫిల్ములో కొంతభాగం మూసి తీసి, మళ్ళీ వెనక్కి తిప్పి, మూసినచోట ఇంకొకటి తీసేవారు. పడవ పాటలోని వెన్నెల స్టూడియోలో పుట్టిందని మనందరికీ తెలుసు. ఆ వెన్నెల ఎవరిదో కూడా తెలుసు. విజయావారి దగ్గర పనివాళ్ళు నెల జీతం మీద వుండేవారు. ఆ రోజులు స్వర్ణయుగమని చెప్పబోవడం లేదు. లైట్లు మోసినవాడి పేరు అప్పుడూ ఎవరూ రాయలేదు. కాని మాయ చేసినవాడికీ చేయించినవాడికీ మధ్య ఒక్క గుమ్మమే వుండేది. తగాదా పెట్టుకోవాలంటే ఎవరి గదికి పోవాలో తెలిసేది.

ఇప్పుడు గుమ్మాలు నాలుగయిదు. నిర్మాత ఒక పెద్ద కంపెనీకి ఇస్తాడు, అది కొంత చేసుకుని మిగిలింది ఇంకొకదానికి ఇస్తుంది, అది మరొకదానికి. చిట్టచివర ఒక అపార్టుమెంటులో పన్నెండు కంప్యూటర్లు పెట్టుకున్న చిన్న యజమాని వుంటాడు. మావాడు అక్కడ వున్నాడు. బేరం షాటుకు ఇంత అని ముందే తేలిపోతుంది. దర్శకుడికి మొదటిసారి నచ్చకపోతే మార్చాలి. రెండోసారి నచ్చకపోతే మళ్ళీ మార్చాలి. ఆరోసారి, మొదటిదే బాగుందనవచ్చు. ఇన్ని మార్పులకూ బేరంలో పైసా పెరగదు. అయితే ఆ గంటలు ఎవరో ఒకరు పెట్టాలి కదా? పైనున్న ప్రతి గుమ్మం ఆ నష్టాన్ని కిందికి తోస్తుంది. చివరి గుమ్మం దగ్గర ఇక తోయడానికి మనిషి నిద్ర తప్ప ఏమీ మిగలదు. షూటింగు రెండు నెలలు ఆలస్యమైనా సంక్రాంతికి విడుదలని వేసిన పోస్టరు మారదు. ఆ రెండు నెలలూ కోసేది గ్రాఫిక్స్ వాళ్ళకు మిగిలిన రోజుల్లోంచే. అదనపు గంటలకు డబ్బు ఇస్తారా అని అడిగాను. "బిర్యానీ తెప్పిస్తారు సార్" అన్నాడు. అతను హాస్యమాడటం లేదు.

ఈ లెక్క మా గుంటల గట్టున పెరిగినవాడికి కొత్త కాదు. రొయ్య ఎంత కౌంటు వుందో, కిలో ఎంతో కొనేవాడే చెప్తాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ మొదట ఎగుమతిదారు మీద పడింది. వారం తిరిగేసరికి గట్టు మీదికి దిగింది.

ఇది ఒక చెడ్డ యజమాని కథ అనుకుని ఊరుకోవచ్చును గాని, పెద్ద కంపెనీల చరిత్ర కూడా ఇదే చెప్తోంది. పాండిచ్చేరి కుర్రవాడు పులితో కలిసి సముద్రంలో కొట్టుకుపోయిన కథ 'లైఫ్ ఆఫ్ పై' (2012). ఆ పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ లాస్ ఏంజిల్స్ కంపెనీ. ముంబైలోనూ మన హైదరాబాదులోనూ దానికి శాఖలుండేవి. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టుకుంది. 250కి పైగా పనివాళ్ళను తీసేసింది. అదే నెలలో ఆ పులికి ఆస్కార్ వచ్చింది. బహుమతి అందుకున్నాయన వేదిక మీద కంపెనీ కష్టాల మాట ఎత్తగానే సంగీతం పెంచి, మైకు ఆపేశారు. బయట వీధిలో వందలమంది పనివాళ్ళు ప్లకార్డులు పట్టుకుని నిలబడి వున్నారు. ఇక 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ గ్రూపు కూలినప్పుడు, మన దేశంలో ప్రధానంగా బెంగుళూరులో సుమారు 3,000 మంది వీధిన పడ్డారు. 'ది జంగిల్ బుక్' (2016)కు ఆస్కార్ తెచ్చిన ఎమ్.పి.సి. ఆ గ్రూపులోదే. బహుమతులు రానందువల్ల ఈ కంపెనీలు పోలేదు. గట్టి ధరకు ఒప్పుకుని, అంతులేని మార్పులు మోయవలసిన బేరం పెద్దవాణ్ణి కూడా ముంచుతుంది.

మన విమర్శకులకు కూడా ఇక్కడ ఒక మాట చెప్పవలసి వుంది. 'బాహుబలి' (2015) రాచరికాన్ని కీర్తించిందా లేదా అని మనం పేజీలకు పేజీలు రాసుకున్నాం. రాయవలసిందే. కాని ఆ జలపాతంలో ఎక్కువ భాగం కంప్యూటర్ల మీద పుట్టిందనీ, దానికి కొన్ని వందల చేతులు పని చేశాయనీ ఎంతమందిమి రాశాం? వస్తువునూ రూపాన్నీ గూర్చి వాదించుకునే మనం, ఆ రూపం ఎవరి గంటలతో తయారైందో అడగకపోతే ఎట్లా?

2025 ఆగస్టులో హైదరాబాదులో సినీ కార్మికులు 18 రోజులు పని ఆపారు. 30 శాతం పెంపు అడిగారు. రోజుకు 2,000 రూపాయల లోపు కూలివాళ్ళకు మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతం సాధించారు. షూటింగులన్నీ ఆగిపోయాయి. మావాడి గదిలో దీపం ఆగలేదు. షూటింగు లేదు కనుక ఉన్నది త్వరగా పంపమని ఆ పద్దెనిమిది రోజులూ ఇంకా ఎక్కువ పని చేయించారు! ఫెడరేషన్‌లోని ఇరవైనాలుగు శాఖలు లైటు, మేకప్, కెమెరా వంటి పనుల చుట్టూ పెరిగినవి. కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణి వాళ్ళు తమవాడనుకోలేదు. ఇతనూ తనను కార్మికుడనుకోలేదు. ఆర్టిస్టునని అనుకున్నాడు. చొక్కా నలగని ఉద్యోగంలో వున్నవాడు తాను కూలి అని ఒప్పుకోవడానికి కాలం పడుతుంది. "ఇష్టంతో చేసే పని కదా" అన్న మాటను యజమాని ఎంత బాగా వాడుకుంటాడో అప్పటిదాకా అర్థం కాదు.

ఇట్లాంటివాళ్ళు సంఘం కట్టలేరంటారు. విడివిడిగా, పదిమంది చొప్పున, వేరువేరు యజమానుల దగ్గర వున్నారంటారు. పుచ్చలపల్లి సుందరయ్య మా అలగానిపాడులో వ్యవసాయ కూలీలను కూడగట్టినప్పుడు కూడా ఆ కూలీలు ఒక కప్పు కింద లేరు. 2023 సెప్టెంబరులో అమెరికాలో మార్వెల్ కంపెనీ విజువల్ ఎఫెక్ట్స్ పనివాళ్ళు సంఘానికి అనుకూలంగా ఏకగ్రీవంగా ఓటు వేశారు. యంత్రమే నేర్చుకుని రేపు రోటో అంతా చేస్తుందని వీళ్ళను బెదిరిస్తున్నారట. ఆ యంత్రానికి పాఠం చెప్పేది ఈ కుర్రవాళ్ళు గీసిన గీతలే కదా. దానికి వీళ్ళకు ఏం ఇస్తారో ఎవరూ చెప్పరు.

చట్టం మాట. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో వృత్తి భద్రతకు సంబంధించినది ఒకటి వుంది. 1981 నాటి సినీ కార్మికుల చట్టం స్థానంలో వచ్చిన ఈ కోడ్, దృశ్య శ్రవణ నిర్మాణం అన్న మాటలో యానిమేషన్‌నూ డిజిటల్ నిర్మాణాన్నీ చేర్చింది; పనివాడితో రాతపూర్వకమైన ఒప్పందం వుండాలన్నది. ఈ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకున్న అభ్యంతరాలు నాకూ వున్నాయి. అయినా ఈ ఒక్క అక్షరం మనవాళ్ళ చేతికి వచ్చింది. ఒప్పందం ఎవరితో రాసుకోవాలన్నది పేచీ. పన్నెండు కంప్యూటర్ల యజమానితోనా? అతని చేతిలో ఏముంది?

మావాడూ, ఆ వీధిలోనే మరి మూడు గదుల్లో పనిచేసేవాళ్ళూ కలిసి ఈమధ్య ఒక కాగితం రాశారు. షాటుకు మార్పులు మూడు దాటితే వేరుగా లెక్క కట్టాలి, రాత్రి పదిన్నర తర్వాతి పనికి డబ్బు ఇవ్వాలి, చివర పేర్లు వెయ్యాలి. అది పై కంపెనీకి పంపాలని కొందరు, నిర్మాతకే పంపాలని కొందరు. జీతం లేకుండా శిక్షణ పేరుతో పనిచేస్తున్న పిల్లల చేత సంతకం పెట్టించాలా వద్దా అన్న దగ్గర పోయిన ఆదివారం మాటామాటా పెరిగిందట. వాళ్ళు లేని కాగితం తాను మొయ్యనని మావాడు లేచి వచ్చేశాడు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటారు.