రెండో పర్దా

హైదరాబాదులో అద్దె గది కోసం తిరిగినవాళ్లకి తెలుసు. ఇంటి ఓనరు మొదట అడిగేది జీతం కాదు, పేరు. పేరు చెప్పేదాకా గది ఖాళీగానే ఉంటుంది. చెప్పాక "నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి పోయారండీ" అంటారు. లేదంటే "మేం మాంసం తినం కదా" అని నవ్వుతారు. అందుకని మేం పేర్లు కత్తిరించుకోవడం నేర్చుకున్నాం. మాలో సమీర్ అనే పేరున్నవాడు అదృష్టవంతుడు. అటూ చెల్లుతాడు, ఇటూ చెల్లుతాడు. మహమ్మద్‌తో మొదలయ్యే పేర్లవాళ్లం 'ఎం' అనే ఒక్క అక్షరం వెనక దాక్కున్నాం.

అది మా మొదటి పర్దా. దాన్ని చింపిపారెయ్యమని మా కవులే మాకు నేర్పారు. 1991లో 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. మా ఇంటి మాట, మా దస్తర్‌ఖాన్, మా పీర్లు, మా దూదేకుల బతుకులు, బుర్ఖా లోపలి ఉక్కపోత తెలుగులోకి వచ్చాయి. మేం చదివి ఏడ్చాం. పేరు దాచుకోవడం సిగ్గనుకున్నాం. పూర్తి పేరు రాయడం మొదలుపెట్టాం.

కానీ ఆ పుస్తకాల్లో మేం దొంగచాటుగా ఇంకొకణ్ణి కూడా వెతికాం. సాటి మగవాణ్ణి ప్రేమించిన ముస్లిం మగవాణ్ణి. వాడు మాకు కనబడలేదు. అంటే వాడు లేడా? ఉన్నాడు. ఇదిగో, మేమే. మీ పక్కన సఫ్‌లో భుజానికి భుజం ఆనించి నమాజు చేసినవాళ్లం. మీ సభల్లో కుర్చీలు వేసినవాళ్లం.

మా రెండో పర్దా ఇది. మొదటిది గడప దాటేటప్పుడు దించుకునేది. రెండోది ఇంట్లోకి రాగానే దించుకునేది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ముస్లింగా పుట్టినవాడికి అమ్మా ముస్లిమే, అబ్బా ముస్లిమే. బయట ఎవడన్నా తురకోడా అని తిడితే ఇంటికొచ్చి చెప్పుకుంటాడు. ఇల్లంతా కలిసి బాధపడుతుంది. మమ్మల్ని ఆడంగోడని తిడితే మేం ఎవరికి చెప్పుకోవాలి? మా ఇంట్లో మేం ఒక్కొక్కళ్లమే మైనారిటీ.

చెప్పుకుందామన్నా మాకు మాటేది? ఇంట్లో ఉర్దూలో ఉన్నవి తిట్లే. తెలుగు పేపర్లు 'స్వలింగ సంపర్కులు' అని రాస్తాయి. సంపర్కం తప్ప మాలో ఏమీ లేనట్టు. జ్వరమొస్తే పక్కన కూచుని తడిగుడ్డ వేసినవాణ్ణి ఏ సంపర్కం కింద రాస్తారు? మాలో మేం చాటుగా 'కోతీ' అనీ 'పంతీ' అనీ చెప్పుకుంటాం. మొదటి మాట తెలుగువాడు వింటే చెట్టెక్కే కోతే అనుకుంటాడు. మిగిలింది 'గే'. ఆ ఇంగ్లీషు మాట ఎరువు తెచ్చుకున్న కోటులాంటిది. దాన్ని తొడుక్కుని వంటింట్లో అమ్మ ముందు ఎట్లా నిలబడతాం?

చట్టం సంగతి చూడండి. 377వ సెక్షను ఖురాన్‌లోంచీ రాలేదు, మనుధర్మంలోంచీ రాలేదు. 1860లో ఇంగ్లీషువాళ్ల శిక్షాస్మృతిలో వచ్చింది. 2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు దాని కోరలు పీకింది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు పోయినవాళ్లెవరు? ఒక జ్యోతిష్కుడున్నాడు. క్రైస్తవ సంఘాలున్నాయి. మన పర్సనల్ లా బోర్డూ ఉంది. గుళ్ల దగ్గరా మసీదుల దగ్గరా కలవనివాళ్లు మా దగ్గర కలిశారు! 2013 డిసెంబరులో వాళ్లే గెలిచారు. మళ్లీ 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు, ఇద్దరు వయోజనులు ఇష్టపడితే నేరం కాదంది. ఆ రోజు మాలో కొందరం స్వీట్లు కొనుక్కున్నాం. ఇంటికి తీసుకుపోతే "దేనికిరా?" అని అడుగుతారని దోస్తుల గదిలోనే తినేశాం.

దాచుకోగలగడం కూడా ఒక హోదాయే అని మాకు తెలుసు. నడకా గొంతూ పట్టించేసే మా వాళ్లకి ఆ హోదా లేదు. హిజ్రాలకి అసలే లేదు. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించమని చట్టం చేశారు. ఆడబట్టల్లో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చన్నారు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. జాబితాలో పేరెక్కడం అంటే ఏమిటో ముస్లింలకి వేరే చెప్పాలా? 2007లో మక్కా మసీదులో బాంబు పేలితే పోలీసులు మన కుర్రాళ్లనే పట్టుకుపోయారు.

"బయటికి రండి, చెప్పేయండి" అంటారు బంజారాహిల్స్ మిత్రులు. ఎక్కడికి రమ్మంటారు? రెండు గదుల ఇంట్లో ఏడుగురం ఉంటాం. తలుపు వేసుకునే గదే లేనివాళ్లు ఏ తలుపు తీసుకుని రావాలి? పోనీ వచ్చామనుకోండి. అదే మిత్రులు "చూశారా, మీ మతం ఎంత క్రూరమో" అంటారు. మా గాయం వాళ్ల చేతిలో కర్ర అవుతుంది. ఆ కర్రతో మా అబ్బానే కొడతారు. ఇంట్లో చెపితే ఇల్లు పోతుంది. బయట చెపితే ఇంటి పరువు తీసినవాళ్లమవుతాం. మాలో మేం కలుసుకునే చోట కూడా, పేరు వినగానే మాట ఆపేసినవాళ్లున్నారు. అక్కడ మళ్లీ మొదటి పర్దా!

మరి ఎప్పటికీ చెప్పొద్దా? మాలో ఒకడి సంగతి చెప్తాం. ఊరూ పేరూ అడక్కండి. వాడికి ఫూఫీ కూతుర్నే ఖాయం చేశారు. ఉంగరం కొన్నారు. మంగ్నీ కోసం ఆపా అత్తగారింటి నుంచి వచ్చింది. రాత్రి అందరూ పడుకున్నాక ఎర్ర దుపట్టాకి గోటా కుడుతూ కూచుంది. వాడు పక్కన కూచుని చెప్పేశాడు.

"జబ్బా?" అందామె.

"కాదు ఆపా."

"ఎవరన్నా చెడగొట్టిండ్రా?"

"లేదు."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నాకిది సమజ్ కాదురా. ఇది గుణా అని చిన్నప్పటి నుంచి విన్న. అదే నమ్ముత. కానీ ఆ పిల్లను తెచ్చి నీ పక్కన కూచోబెడితే అదింకో గుణా. అది మాత్రం నాకు బాగా సమజయింది."

ఆమె లూత్ కౌము కథ తీయలేదు. అల్లాకూ తమ్ముడికీ నడుమ తీర్పు చెప్పలేదు. ఆ పిల్ల కళ్లలోంచి చూసింది. తెల్లారి పోయి ఫూఫీకి చెప్పింది, తమ్ముడికి సౌదీ వీసా వచ్చింది, మూడేళ్ల దాకా రాడు, పిల్లను ఆపొద్దు అని. ఆ అబద్ధాన్ని నిజం చెయ్యడానికి వాడు నిజంగానే సౌదీ పోవాల్సొచ్చింది. ఈ సంగతి బయటపడితే మరణశిక్ష దాకా పోగల దేశం! అక్క కాపాడిన ప్రాణాన్ని అక్కడ పెట్టుకుని బతుకుతున్నాడు. జుమ్మా రోజు ఆపా ఫోను చేస్తుంది. పెళ్లి మాట ఎత్తదు. "తిన్నవా? ఒక్కడివే ఉంటున్నవా?" అని అడుగుతుంది. ఆ రెండో ప్రశ్న కోసం వాడు వారమంతా ఎదురు చూస్తాడు.

అబ్బాకి చెప్పలేదు. చెప్పడు కూడా. మేం వాణ్ణి పిరికివాడనం. లోకానికంతటికీ జవాబు చెప్పాల్సిన అప్పు మాకు లేదు. ఎవరి బతుకు మా అబద్ధం కింద నలుగుతుందో వాళ్లకి మాత్రం నిజం బాకీ ఉన్నాం. మా అమ్మలు మా కోసం చూసే ప్రతి సంబంధం వెనకా ఏమీ తెలియని ఒక పిల్ల ఉంది. వలీమా భోజనాలు తిని అందరూ లేచిపోయాక జన్మంతా ఆ గదిలో ఉండేది ఆమె. అట్లా చేసిన పెళ్లిళ్లు మాలో ఉన్నాయి. వాటి గురించి మేం మాట్లాడుకోం. అది మా సిగ్గు. మగవాణ్ణి ప్రేమించడం కాదు.

ముస్లిం రచయితలారా! మొదటి పర్దా తీయడానికి మీరు మాకు భాష ఇచ్చారు. రెండోదాని దగ్గర ఎందుకు మౌనంగా ఉన్నారు? దూదేకులవాళ్ల ఆకలినీ ఆడవాళ్ల దుఃఖాన్నీ రాసినప్పుడు కౌము పరువు పోతుందని భయపడలేదు మీరు. మా దగ్గర మాత్రం ఎందుకా భయం? మమ్మల్ని మెచ్చుకోమని అడగడం లేదు. ఆపా అడిగిన ఆ రెండో ప్రశ్న అడగండి, చాలు.

ఈ వ్యాసం కింద మా పేర్లు లేవు. పూర్తి పేరు రాయడం మీ దగ్గరే నేర్చుకున్నాం, మరిచిపోలేదు. అబ్బా ఇంకా బతికున్నాడు. తెలుగు పేపరు రోజూ చదువుతాడు.