నీళ్ళు పారిన వైపు

నెలనెలా కొంత అద్దె వస్తుంటే వృద్ధాప్యంలో పిల్లల మీద ఆధారపడనక్కరలేదని మేమిద్దరం అనుకునేవాళ్ళం. అందుకే రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతో 2018లో కురవిలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల, రెండు గదుల ఇల్లు కొన్నాం. కాగితాలు తెలిసినవారికి చూపించాం. గోడలు చూశాం, బావి నీళ్ళు తాగి చూశాం. ముందుగదిలో పరచిన చాపను మాత్రం ఎత్తి చూడలేదు. ఇసుక మీద కట్టిన ఇంటి ఉపమానం చిన్ననాటి నుండి విన్న మాకే ఆ బుద్ధి పుట్టలేదు!

అద్దెకు దిగిన ఇల్లాలు వారం తిరగకుండానే వచ్చింది. "టీచరమ్మా, ఇల్లు కడిగితే నీళ్ళు గడప దిక్కు పోతలేవు, మూలకు పోతున్నయ్. మా అత్తమ్మ రెండుసార్లు తూలింది" అన్నది.

వెళ్ళి చూస్తే మూలన బండలు రెండంగుళాలు కుంగి ఉన్నాయి. కర్రతో తడితే డొల్ల చప్పుడు. మానుకోట నుండి మేస్త్రీని పిలిపించాం. అతడు నేలకంటే ముందు గోడలు చూశాడు.

"గోడ ఏటవాలుగా పగిలి, తలుపులు బిగుసుకుంటే పునాది కుంగిందేమోనని భయపడాలె. నల్లరేగడిలో అట్లయితది. వానకు ఉబ్బుతది, ఎండకు కుంచించుకపోతది. ఈ గోడలకేం కాలేదు సారూ. బండల కింద పోసిన మట్టిని తడిపి దిమ్మిస కొట్టలేదు, అంతే" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మళ్ళీ చాప పరచి ఎవరికైనా అమ్మేద్దామన్న ఆలోచన ఇద్దరికీ వచ్చింది. ముందుగా పైకి అన్నదెవరో చెప్పుకోవడానికి నేటికీ సిగ్గే. కాని ఆ ముసలమ్మ తూలిన మాట మమ్మల్ని వదలలేదు.

మా అమ్మాయి కాన్పుకని దాచిన సొమ్ము తీసి బండలు లేపించాం. మొరం ఆరంగుళాల వరుసలుగా పోసి, ప్రతి వరుసనూ తడిపి దిమ్మిస కొట్టించి, నాలుగంగుళాల కాంక్రీటు మీద బండలు తిరిగి పరిపించాం. పని పూర్తయ్యేవరకు ఆ కుటుంబం మా ఇంట్లోనే ఉన్నది. విషయం తెలిసి మా అమ్మాయి, "మంచి పని చేశారమ్మా, నా సంగతి మేం చూసుకుంటాం" అన్నది.

ఇల్లు కొనబోయే సోదరీ సోదరులారా, కాగితాలు చూడండి, గోడలు చూడండి. చాప ఎత్తించి, ఒక బిందెడు నీళ్ళు కూడా పోసి చూడండి.

ఇప్పుడు మేము వెళితే ఆ ముసలమ్మ గోడ పట్టుకోకుండానే గుమ్మం దాకా ఎదురొస్తుంది.