నిప్పు కన్న నీరు

నిప్పుకూ నీటికీ పుట్టువైరమని మనందరి నమ్మకం. కాని తైత్తిరీయోపనిషత్తు పంచభూతాల వరుస చెబుతూ, నీరు అగ్ని నుంచే పుట్టిందంటుంది. తెలుగు పంతులుగా ఆ సంగతి ఏటేటా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. నిప్పు నీటిని కనడం కళ్ళారా చూసింది మాత్రం అమెరికాలో, మా తమ్ముడింటి నేలమాళిగలో.

తమ్ముడు ఉండేది మిచిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి దగ్గర. మనుమరాలు పుట్టిందని అమ్మ అక్కడికి వెళ్ళింది. ఆవిడను తిరిగి తీసుకురావడానికి 2019 జనవరిలో కాలేజీకి సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. ఆ నెలాఖరున ఆ ప్రాంతమంతా గడ్డకట్టుకుపోయింది. చలి సున్నకు దిగువన 20 డిగ్రీలు దాటింది. సరిగ్గా అలాంటి రాత్రే ఇంట్లో ఫర్నేసు ఆగిపోయింది.

ఫర్నేసు అంటే ఏమిటో చెప్పాలి గదా! అది బీరువా అంత ఇనపపెట్టె. గొట్టంలో వచ్చే గ్యాసు అందులో మండుతుంది. ఆ వేడి తగిలిన గాలిని ఒక పంకా అన్ని గదులకూ తోస్తుంది. గ్యాసులో ముఖ్యమైనది మీథేను. అది గాలిలోని ఆక్సిజనుతో కలిసి కాలితే, బరువులో 16 పాళ్ళ మీథేనుకు 36 పాళ్ళ నీరు పుడుతుంది. పాతకాలపు ఫర్నేసుల్లో ఆ నీరు ఆవిరిగానే పొగగొట్టం దారిన పోయేది, దానితో బాటు చాలా వేడి కూడా పోయేది. కొత్తవి పొదుపరి ఇల్లాళ్ళ వంటివి. పొగను చల్లార్చి, ఆవిరిలో దాగిన వేడిని కూడా పిండుకుంటాయి. అన్నం గిన్నె మూత తీస్తే నీళ్ళు కారినట్టు, అప్పుడు లోపల నీరు దిగుతుంది. ఆ నీటికి దారి చూపించాలి.

ఆ ఇంట్లో లోగడ ఎవరు బిగించారోగాని, ఆ గొట్టాన్ని గోడకు కన్నం పెట్టి బయటికి వదిలారు. ఆ రాత్రి బయట కొసన నీరు గడ్డకట్టింది. వెనక నీరు వెనకే నిలిచి పెట్టెలోకి ఎదురు తన్నింది. పొగ పోవడానికి ఇబ్బంది రాగానే, ప్రమాదం జరగకుండా కాపలా కాసే మీట ఒకటి మంట ఆపేసింది.

అప్పటికి రాత్రి పదకొండు. ఇల్లు గంటగంటకూ చల్లబడుతోంది. మా మరదలు పసిపిల్లను ఒడిలో దాచుకుని, చిన్న కరెంటు హీటరు ముందు కూర్చుంది. అమ్మ తన శాలువా కూడా తీసి పిల్లకు చుట్టబెట్టింది. మరమ్మతుల వాళ్ళకు ఫోను చేస్తే, తెల్లవారితేగాని రాలేమన్నారు.

తమ్ముడు కిందికి దిగాడు. వెనకాలే నేనూ. వాడు బయటికి పోయే గొట్టాన్ని గోడకు ఇవతలే ఊడదీసి, కింద బకెట్టు పెట్టాడు. నిలిచిన నీరు బుడబుడా దిగింది. మళ్ళీ మంట అంటుకుంది. పైనుంచి "వెచ్చగాలి వస్తోందిరా!" అని అమ్మ కేక వినిపించింది.

ఆ రాత్రి బకెట్టుకు కాపలా మేమిద్దరమే. అది నిండితే పారబొయ్యాలి.

"అన్నయ్యా, ఇల్లు కొనేటప్పుడు గ్యాసెలా వస్తుంది, కరెంటెలా వస్తుంది అని అన్నీ అడిగాను. పోయేదారి ఏదని అడగాలని తోచలేదు" అన్నాడు వాడు.

మా నాన్నగారు 2016లో పోయారు. అప్పుడు తమ్ముడికి వీసా చిక్కుల్లో ఉంది. బయలుదేరితే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు. రాలేదు. ఫోనులో ఖర్చుల సంగతి అడిగాడేగాని కంటతడి పెట్టలేదు. చుట్టాలు నాలుగు మాటలు అనుకున్నారు. ఆ రాత్రి మూడు గంటలవేళ బకెట్టు పారబోసి వచ్చి కూర్చుని, "నాన్నగారు ఆఖరున నన్ను తలచుకున్నారా?" అని అడిగాడు.

"చిన్నవాడు ఆ చలిలో ఎలా ఉన్నాడో అన్నారురా" అన్నాను.

వాడు మోకాళ్ళమీద తల ఆన్చి చాలాసేపు ఏడ్చాడు. నేను ఊరుకోబెట్టలేదు.

తెల్లవారాక సామాను తెచ్చుకుని పని మొదలెట్టాం. బట్టలుతికే తొట్టి ఆ గదికి అవతలి పక్కన, ఫర్నేసు గొట్టం కన్నా ఎత్తున ఉంది. నీరు పల్లమెరుగునేగాని మిట్ట ఎక్కదు గదా! అంచేత చిన్న పంపు పెట్టాలి. దాని తొట్టెలో నీరు నిండితే లోపలి తేలుడుబుర్ర పైకి లేస్తుంది, పంపు తిరిగి నీటిని ఎత్తి పోస్తుంది. పంపు చెడితే తొట్టె పొంగకముందే ఫర్నేసును ఆపే మీట కూడా ఉంది. ఫర్నేసు నుంచి పంపుదాకా అడుగుకు పావు అంగుళం వాలు ఇచ్చి ప్లాస్టిక్ గొట్టం వేశాం. లోహపు గొట్టం పనికిరాదు. ఆ నీరు తేటగా ఉన్నా పులుపు, లోహాన్ని తినేస్తుంది. నీటిని నిలవబెట్టే వంపు గొట్టాన్ని మాత్రం తమ్ముడు కదపనివ్వలేదు. విషవాయువులున్న పొగ ఇంట్లోకి రాకుండా ఆ నీరే అడ్డట.

పులుపు విరవడానికి గొట్టం మధ్య సున్నపురాతి ముక్కలు నింపిన డబ్బా ఒకటి బిగించాం. మెట్లమీంచి చూస్తున్న అమ్మ, "నిమ్మకాయ పిండితే సున్నపురాతి గచ్చు పొంగదట్రా? అదే ఇదీను" అని తేల్చేసింది. ఆ నీటికి 'పొయ్యి చెమట' అని పేరుకూడా పెట్టింది.

సాయంత్రానికి పంపు తిరిగింది. మా తిరుగు ప్రయాణం ఫిబ్రవరిలో. అప్పటినుంచి తమ్ముడు చలి ముదరకముందే వంపు గొట్టం కడిగి మళ్ళీ నీటితో నింపుతాడు, కరిగిపోయిన సున్నపురాళ్ళు మారుస్తాడు. ఇక్కడ అమ్మ డిసెంబరు రాగానే, మనుమరాలి ముచ్చట్లన్నీ అయ్యాక ఫోనులో తప్పకుండా అడుగుతుంది:

"ఒరేయ్ చిన్నాడా, పొయ్యి చెమట పోతోందా?"